రన్నింగ్ క్లబ్: ఆఖరి మనిషి వచ్చేదాకా ఆగేవాళ్లే క్లబ్.. ఒంటరిగా పరిగెత్తేవాళ్లు తప్పక తెలుసుకోవాల్సిన విషయాలివే!

ఆదివారం తెల్లవారుజామున 5 గంటలు. హైదరాబాద్ నెక్లెస్ రోడ్డులో ఇంకా పూర్తిగా తెల్లారలేదు. పీపుల్స్ ప్లాజా దగ్గర బైకులు, కార్లు ఒక్కొక్కటిగా వచ్చి ఆగుతుంటాయి. రంగురంగుల టీషర్టులు, నడుముకు చిన్న బెల్టులు, చేతిలో వాటర్ బాటిళ్లు. ఒకరు సాఫ్ట్‌వేర్ ఇంజినీర్, ఇంకొకరు బ్యాంకు నుంచి రిటైరైన పెద్దాయన, పక్కనే ఇద్దరు పిల్లల తల్లి. వారమంతా ఎవరి పని వాళ్లది. ఆదివారం పొద్దున మాత్రం అందరిదీ ఒకటే పని.. పరుగు.

ఇలాంటి గుంపులు ఇప్పుడు హైదరాబాద్‌లోనే కాదు, విశాఖ ఆర్కే బీచ్‌లో, విజయవాడలో, వరంగల్‌లో, చిన్న పట్టణాల్లోని కాలేజీ గ్రౌండ్లలో కూడా కనిపిస్తున్నాయి. వీటినే రన్నింగ్ క్లబ్బులు అంటున్నారు. పరిగెత్తడానికి క్లబ్ ఎందుకు? బూట్లు వేసుకుని ఎవరికి వాళ్లు రోడ్డెక్కితే సరిపోదా? చాలామందికి వచ్చే డౌటే ఇది. దీనికి సమాధానం ఫిట్‌నెస్ ఒక్కటే కాదు. రోడ్డు మీద ఒక మనిషి కుప్పకూలితే పక్కన ఎవరున్నారు అనే ప్రశ్న కూడా ఇందులో ఉంది. ఇంతకీ ఈ క్లబ్బుల్లో ఏం జరుగుతుంది? కొత్తవాళ్లు ఎలా మొదలుపెట్టాలి? ఎక్కడ జాగ్రత్తపడాలి? పూర్తి వివరాలు చూద్దాం.

అసలు ఈ క్లబ్బులు ఎలా పుట్టాయి?

ఒకప్పుడు పరుగంటే అథ్లెట్ల వ్యవహారం. మామూలు మనిషి రోడ్డు మీద పరిగెడితే వింతగా చూసేవాళ్లు. ఆ పరిస్థితిని మార్చిన వాళ్లలో న్యూజిలాండ్ కోచ్ ఆర్థర్ లిడియార్డ్ ఒకరు. 1960ల మొదట్లో ఆక్లాండ్‌లో ఆయన ప్రోత్సాహంతో జాగర్ల క్లబ్ మొదలైంది. నడివయసు వాళ్లు, గుండె జబ్బు నుంచి కోలుకున్నవాళ్లు కూడా అందులో నెమ్మదిగా పరిగెత్తేవాళ్లు. 1962 చివర్లో అక్కడికి వెళ్లిన అమెరికా కోచ్ బిల్ బోవర్‌మన్ కూడా వాళ్లతో కలిసి పరుగు తీశారు. 70 ఏళ్లు దాటిన, అప్పటికే మూడుసార్లు గుండెపోటు వచ్చిన ఒక పెద్దాయనతో సమానంగా పరిగెత్తలేక ఆయన ఆయాసపడ్డారట! తిరిగి వెళ్లాక అమెరికాలో జాగింగ్‌ను జనంలోకి తీసుకెళ్లింది ఆయనే. తర్వాత నైకీ కంపెనీ సహ వ్యవస్థాపకుడిగా పేరు తెచ్చుకున్నదీ ఆయనే.

2004 అక్టోబర్ 2న లండన్‌లోని బుషీ పార్కులో ఇంకో ప్రయోగం మొదలైంది. పాల్ సింటన్ హెవిట్ అనే రన్నర్ గాయం వల్ల పరిగెత్తలేని పరిస్థితిలో ఉన్నారు. స్నేహితులకు దూరం కాకూడదని, ప్రతి శనివారం ఉచితంగా 5 కిలోమీటర్ల పరుగు పెట్టారు. మొదటి వారం వచ్చింది 13 మంది రన్నర్లే. అదే ఇప్పుడు పార్క్‌రన్ పేరుతో ఎన్నో దేశాలకు విస్తరించింది. ఇందులో ఒక పద్ధతి ఉంది. అందరికంటే వెనకాల ఒక వాలంటీర్ కచ్చితంగా నడుస్తారు. అంటే అక్కడికి వచ్చినవాళ్లలో ‘చివరి స్థానం’ ఎప్పుడూ ఆ వాలంటీర్‌దే! నేనే లాస్ట్ వస్తానేమో అన్న భయం ఎవరికీ ఉండదు.

హైదరాబాద్ విషయానికొస్తే, హైదరాబాద్ రన్నర్స్ పేరుతో 2007లో ఒక గ్రూపు మొదలైంది. ఏటా ఆగస్టులో జరిగే హైదరాబాద్ మారథాన్ వెనక ఉన్నది ఈ సొసైటీయే. ఇప్పుడు నగరంలో ఏరియాకో గ్రూపు, కొన్ని చోట్ల అపార్ట్‌మెంట్‌కో గ్రూపు తయారైంది.

పొద్దున్నే ఏం చేస్తారు?

బయటి నుంచి చూస్తే అందరూ వచ్చి పరిగెత్తి వెళ్లిపోతున్నట్టే ఉంటుంది. లోపల మాత్రం ఒక పద్ధతి నడుస్తుంది. ముందురోజు రాత్రే వాట్సాప్ గ్రూపులో మెసేజ్ వస్తుంది. ఎక్కడ కలవాలి, ఎన్ని గంటలకు, రూట్ ఏంటి, నీళ్లు ఎక్కడెక్కడ పెడతారు అన్నది అందులో ఉంటుంది. వచ్చేవాళ్లు తమ పేరు కింద పేరు రాసుకుంటూ పోతారు.

పొద్దున అందరూ చేరాక 10 నిమిషాలు వార్మప్. ఆ తర్వాత వేగాన్ని బట్టి గ్రూపులుగా విడిపోతారు. కిలోమీటరుకు 6 నిమిషాల వాళ్లు ఒక గ్రూపు, 7 నిమిషాల వాళ్లు ఇంకో గ్రూపు, పరుగు నడక కలిపి చేసేవాళ్లు మరో గ్రూపు. ఒక్కో గ్రూపును ఒకే వేగంతో నడిపించే వ్యక్తిని పేసర్ అంటారు. అన్నిటికంటే వెనకాల ఉండి, ఎవరూ తప్పిపోకుండా చూసే మనిషిని స్వీపర్ అంటారు.

స్వీపర్ పని వినడానికి చిన్నదే. కానీ క్లబ్ మంచిదా కాదా అన్నది అక్కడే తేలిపోతుంది. ‘అన్నా, మీరు వెళ్లిపోండి, నేను మెల్లగా వస్తా’ అని కొత్తవాళ్లు మొహమాటపడతారు. ‘నాకేం తొందర లేదులే తమ్ముడూ, నడుద్దాం పద’ అనే మనిషి పక్కన ఉంటే, ఆ కొత్త మనిషి వచ్చే వారం కూడా వస్తాడు. లేదంటే రెండో ఆదివారానికే మాయం!

పరుగు అయ్యాక స్ట్రెచింగ్, గ్రూపు ఫొటో, ఆ తర్వాత ఇడ్లీ బండి దగ్గరో ఇరానీ చాయ్ దగ్గరో ముచ్చట్లు. ఎవరి మోకాలు ఎలా ఉంది, ఎవరింట్లో పెళ్లి, ఎవరికి ఉద్యోగం మారింది అన్నీ అక్కడే తెలుస్తాయి. గ్రూపులో ఎవరికైనా రక్తం కావాలని మెసేజ్ వస్తే గంటలో నలుగురు చేతులెత్తుతారు. రెండు వారాలు కనిపించని మనిషికి ఫోన్ వెళ్తుంది. రిటైరై ఇంట్లో ఒంటరిగా ఉండే పెద్దవాళ్లకు, కొత్తగా సిటీకి వచ్చిన కుర్రాళ్లకు పరుగు కంటే ఈ ఫోన్ కాలే ఎక్కువ.

అలాగని అంతా సాఫీగా ఉంటుందనుకుంటే పొరపాటే. వేగంగా పరిగెత్తేవాళ్లు ఒక జట్టు, నెమ్మదిగా వెళ్లేవాళ్లు ఒక జట్టు అయిపోవడం, కోచింగ్ ఫీజుల మీద వాదనలు, టీషర్టు మీద ఎవరి లోగో వేయాలన్న పంచాయితీలు.. ఇవి కూడా క్లబ్ జీవితంలో భాగమే. లెక్కలు గ్రూపులో పెట్టే క్లబ్బుల్లో ఈ గొడవలు పెద్దవి కాకముందే తేలిపోతాయి.

సున్నా నుంచి 5 కిలోమీటర్లు.. ఎలా?

ఎక్కువ మంది చేసే తప్పు ఒకటే. మొదటి రోజే ఊపిరి ఆడనంత స్పీడుగా పరిగెత్తడం. రెండో రోజు కాళ్లు పట్టేస్తాయి. మూడో రోజు బూట్లు మూలన పడతాయి. ఈ సమస్యకు పరిష్కారంగా 1996లో జోష్ క్లార్క్ అనే అమెరికన్ ఒక ప్లాన్ తయారుచేశారు. అదే ‘కౌచ్ టు 5కె’. అంటే సోఫా మీద నుంచి లేచి 5 కిలోమీటర్ల దాకా అన్నమాట. మన దగ్గర చాలా క్లబ్బులు కొత్తవాళ్లకు ఇచ్చే శిక్షణ కూడా ఇదే తరహాలో ఉంటుంది.

ఇది 9 వారాల ప్లాన్. వారానికి 3 రోజులే. మొదటి వారం 5 నిమిషాలు చురుగ్గా నడవాలి. ఆ తర్వాత 60 సెకన్లు పరుగు, 90 సెకన్లు నడక.. ఇలా 20 నిమిషాలు. వారాలు గడిచేకొద్దీ పరుగు పెరుగుతుంది, నడక తగ్గుతుంది. చివరికి అరగంట ఆగకుండా పరిగెత్తే స్థాయికి చేరుకుంటారు.

మధ్యలో విశ్రాంతి రోజులు ఎందుకంటే.. గుండె, ఊపిరితిత్తులు కొత్త శ్రమకు త్వరగానే అలవాటు పడతాయి. ఎముకలు, కండరాలను ఎముకలకు కలిపే నరాల్లాంటి పట్టీలు మాత్రం ఆలస్యంగా గట్టిపడతాయి. ఆయాసం తగ్గింది కదా అని దూరం ఒక్కసారిగా పెంచేస్తే పిక్క ఎముక ముందుభాగంలో నొప్పి, మడమ నొప్పి, మోకాలి నొప్పి మొదలవుతాయి. వారానికి 10 శాతానికి మించి దూరం పెంచకూడదని రన్నర్లు చెప్పుకునే లెక్క అందుకే.

వేగం సరిగ్గా ఉందో లేదో తెలుసుకోవడానికి ఖరీదైన వాచ్ అక్కర్లేదు. పరిగెడుతూ పక్కవాళ్లతో పూర్తి వాక్యం మాట్లాడగలిగితే స్పీడ్ కరెక్ట్. ఒక్కో మాటకూ రొప్పుతుంటే స్పీడ్ ఎక్కువైనట్టే. గ్రూపులో పరిగెత్తడం వల్ల వచ్చే లాభాల్లో ఇదొకటి. కబుర్లు ఆగిపోయాయంటే వేగం పెరిగిందని అర్థం!

రోడ్డే అసలు సమస్య

పరుగు వల్ల వచ్చే నొప్పుల కంటే పెద్ద ప్రమాదం రోడ్డు మీద ఉంది. కేంద్ర రవాణా శాఖ లెక్కల ప్రకారం 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. వాళ్లలో 32,825 మంది పాదచారులే. అంటే ప్రతి ఐదుగురిలో దాదాపు ఒకరు. 2023 జులైలో హైదరాబాద్ శివారు బండ్లగూడ జాగీర్ పరిధిలో మార్నింగ్ వాక్‌కు వెళ్లిన తల్లీకూతుళ్లు కారు దూసుకురావడంతో ప్రాణాలు కోల్పోయిన ఘటన అప్పట్లో అందరినీ కలచివేసింది.

ప్రపంచానికి తెలిసిన ఫౌజా సింగ్ కథ కూడా రోడ్డు మీదే ముగిసింది. 89 ఏళ్ల వయసులో 2000లో లండన్ మారథాన్ పరిగెత్తిన ఆయన, 2011లో టొరంటోలో వందేళ్ల వయసులో పూర్తి మారథాన్ ముగించారు. ఆ రోజు ఆయనకు 8 గంటలకు పైగా పట్టింది. అయినా మధ్యలో వదిలేయలేదు. 114 ఏళ్ల వయసులో 2025 జులై 14న పంజాబ్‌లోని సొంతూరు దగ్గర రోడ్డుపై వాహనం ఢీకొని కన్నుమూశారు. 42 కిలోమీటర్లను, వందేళ్ల వయసును జయించిన మనిషి ఊరి రోడ్డు ముందు ఓడిపోయారు.

ఫుట్‌పాత్‌లు లేకపోవడం, ఉన్నా వాటి మీద బండ్లు, ట్రాన్స్‌ఫార్మర్లు ఉండటం వల్లే రన్నర్లు రోడ్డు మీదకు వస్తున్నారు. 2025 మేలో సుప్రీంకోర్టు ఈ విషయంపై స్పష్టంగా మాట్లాడింది. అడ్డంకులు లేని ఫుట్‌పాత్ పాదచారుల హక్కు అని, అది రాజ్యాంగంలోని 21వ అధికరణం కిందకే వస్తుందని చెప్పింది. ఫుట్‌పాత్‌లపై మార్గదర్శకాలు రూపొందించాలని రాష్ట్రాలను ఆదేశించింది. కాగితం మీద ఉన్న హక్కు కాలి కిందకు వచ్చేదాకా మన జాగ్రత్తలో మనం ఉండాల్సిందే.

* ఫుట్‌పాత్ లేని చోట ఎదురుగా వచ్చే వాహనాలు కనిపించేలా రోడ్డుకు కుడివైపున పరిగెత్తాలి. వెనక నుంచి వచ్చే బండి మనకు కనిపించదు.
* చీకట్లో నల్ల దుస్తులు వద్దు. లైటు పడితే మెరిసే పట్టీలున్న జాకెట్ లేదా తెల్లని టీషర్టు వేసుకోవాలి.
* రెండు చెవుల్లో ఇయర్‌ఫోన్స్ పెట్టుకోవద్దు. చాలా క్లబ్బులు గ్రూపు పరుగులో వీటిని అసలు ఒప్పుకోవు.
* ఇద్దరికి మించి పక్కపక్కన పరిగెత్తకూడదు. మలుపుల దగ్గర ఒకరి వెనక ఒకరు వెళ్లాలి.
* వీధి కుక్కలు వెంటపడితే పరుగు ఆపి నడవాలి. కళ్లలోకి చూడకుండా, అరవకుండా మెల్లగా పక్కకు తప్పుకోవాలి. పరిగెత్తేకొద్దీ అవి ఇంకా వెంటపడతాయి.
* జేబులో పేరు, బ్లడ్ గ్రూపు, ఇంట్లోవాళ్ల ఫోన్ నంబర్ రాసిన చీటీ పెట్టుకోవాలి. లాక్ ఉన్న ఫోన్ ఆపదలో అందరికీ పనికిరాదు.

మహిళలకైతే ఇంకో లెక్క కూడా ఉంది. తెల్లవారుజామున 5 గంటలకు ఒంటరిగా పరుగుకు వెళ్తానంటే చాలా ఇళ్లలో వద్దంటారు. గ్రూపు ఉంటే ఆ మాట మారుతుంది. అందుకే కొన్ని క్లబ్బులు మహిళలను ఇంటి దగ్గర నుంచి కలుపుకుని వెళ్లేలా ఏరియాల వారీగా చిన్న గ్రూపులు చేస్తున్నాయి. ఒకప్పుడు ఇంటి దగ్గరే కాదు, రేసుల్లో కూడా ఆడవాళ్లకు చోటు లేదు. ప్రఖ్యాత బోస్టన్ మారథాన్‌లో మహిళలను అధికారికంగా అనుమతించింది 1972లోనే. ఒలింపిక్స్‌లో మహిళల మారథాన్ వచ్చింది 1984లో. ఆ లెక్కన చూస్తే ఇప్పుడు నెక్లెస్ రోడ్డులో అమ్మ, కూతురు కలిసి పరిగెత్తడం చిన్న విషయమేం కాదు.

పరుగు.. గుండె.. భయపడాలా?

పరిగెడుతూ కుప్పకూలిపోయారన్న వార్త వచ్చిన ప్రతిసారీ రన్నింగ్ గ్రూపుల్లో ఇదే చర్చ. అసలు పరిగెత్తడం మంచిదేనా? అమెరికాలో మారథాన్, హాఫ్ మారథాన్ రన్నర్ల మీద జరిగిన పెద్ద అధ్యయనం 2012లో వెలువడింది. 2000 నుంచి 2010 దాకా కోటీ 9 లక్షల మంది రన్నర్లలో గుండె ఆగిపోయిన ఘటనలు 59. వారిలో 42 మంది చనిపోయారు. అంటే సుమారు 1,84,000 మందిలో ఒకరికి గుండె ఆగింది. పరుగు ప్రమాదకరం అనేంత పెద్ద సంఖ్య కాదిది. కానీ ఆగిన తర్వాత బతికినవాళ్లు చాలా తక్కువ.

2025లో ఇదే అంశంపై వచ్చిన మరో అధ్యయనం ఆసక్తికరమైన విషయం చెప్పింది. 2010 నుంచి 2023 దాకా లెక్క చూస్తే, గుండె ఆగిపోయే రేటు పెద్దగా మారలేదు. చనిపోయేవాళ్ల రేటు మాత్రం సగానికి పడిపోయింది! మునుపు గుండె ఆగిన వారిలో దాదాపు 71 శాతం మంది చనిపోతే, ఈసారి అది 34 శాతానికి తగ్గింది. పక్కనున్నవాళ్లు వెంటనే సీపీఆర్ చేయడం, గుండెకు షాక్ ఇచ్చే ఏఈడీ యంత్రాలు రేసు దారిలో అందుబాటులో ఉండటమే దీనికి ముఖ్య కారణమని పరిశోధకులు చెప్పారు.

అంటే మారింది రన్నర్ల గుండె కాదు, పక్కనున్న మనుషులు. క్లబ్ ఎందుకు అన్న ప్రశ్నకు ఇంతకంటే సూటి సమాధానం లేదు. ఒంటరిగా పరిగెడుతూ పడిపోయిన మనిషి దగ్గరకు ఎవరో ఒకరు రావడానికే నిమిషాలు గడిచిపోతాయి. గుండె ఆగాక గడిచే ప్రతి నిమిషం బతికే అవకాశాన్ని తగ్గిస్తూ పోతుంది.

సీపీఆర్ ఎలా చేయాలి?

మనిషి పడిపోయి, పిలిచినా పలక్కుండా, శ్వాస మామూలుగా లేకపోతే.. ఒకరు వెంటనే 108కి ఫోన్ చేయాలి. ఇంకొకరు ఛాతీ మధ్యలో రెండు అరచేతులు ఒకదాని మీద ఒకటి పెట్టి, మోచేతులు వంచకుండా గట్టిగా, వేగంగా నొక్కాలి. నిమిషానికి 100 నుంచి 120 సార్లు. కనీసం 5 సెంటీమీటర్ల లోతుకు. ప్రతిసారీ ఛాతీ మళ్లీ పైకి లేచేలా వదలాలి. రెండు నిమిషాలకు చేయి తిరుగుతుంది కాబట్టి మనుషులు మారుతూ ఉండాలి. అంబులెన్స్ వచ్చేదాకా ఆపకూడదు. నీళ్లు తాగించే ప్రయత్నం అసలు చేయొద్దు. ఈ పద్ధతి చదివితే సరిపోదు, ఒక్కసారైనా శిక్షణలో బొమ్మ మీద చేసి చూడాలి. ఏడాదికి ఒకసారైనా సభ్యులకు ఈ ట్రైనింగ్ ఇప్పించే క్లబ్ దొరికితే వదులుకోకండి.

సాయం చేస్తే కేసుల్లో ఇరుక్కుంటామన్న భయం చాలామందిలో ఉంది. రోడ్డు ప్రమాదంలో గాయపడినవారిని మంచి మనసుతో ఆదుకున్నవారిపై కేసులు పెట్టకుండా మోటారు వాహనాల చట్టంలోని 134ఏ సెక్షన్ రక్షణ ఇస్తోంది. పేరు, చిరునామా చెప్పాలని కూడా వాళ్లను బలవంతపెట్టకూడదు.

ఇక 40 దాటినవాళ్లు, బీపీ, షుగర్ ఉన్నవాళ్లు, ఇంట్లో చిన్న వయసులోనే గుండెపోటు వచ్చినవాళ్లు ఉన్న కుటుంబాల వాళ్లు పరుగు మొదలుపెట్టే ముందు డాక్టర్‌ను కలవాలి. పరిగెడుతున్నప్పుడు ఛాతీలో బిగుతు, దవడ లేదా ఎడమ చేయి లాగడం, కళ్లు తిరగడం, ఎప్పుడూ లేని ఆయాసం వస్తే అక్కడికక్కడే ఆగిపోవాలి. గ్యాస్ అనుకుని ఇంకో కిలోమీటరు పరిగెత్తడం తగదు. జ్వరం వచ్చి తగ్గిన వెంటనే పరుగుకు దిగడం కూడా మంచిది కాదు.

నీళ్లు తక్కువైనా కష్టమే.. ఎక్కువైనా కష్టమే!

హైదరాబాద్ మారథాన్ జరిగేది వానాకాలంలో. ఎండ తక్కువగా ఉందనిపిస్తుంది. గాల్లో తేమ మాత్రం బాగా ఎక్కువ. చెమట పడుతుంది కానీ త్వరగా ఆరదు. చెమట ఆరితేనే ఒళ్లు చల్లబడుతుంది. అందుకే మబ్బు పట్టిన రోజు కూడా వడదెబ్బ లాంటి పరిస్థితి రావచ్చు. దానికి తోడు ఈ రూట్ నిండా ఫ్లైఓవర్లు, ఎత్తుపల్లాలే. నెక్లెస్ రోడ్డు నుంచి గచ్చిబౌలి స్టేడియం దాకా సాగే ఈ పరుగులో చదునైన దారి తక్కువ. ట్రెడ్‌మిల్ మీద ప్రాక్టీస్ చేసి వచ్చినవాళ్లకు ఇక్కడే చుక్కలు కనిపిస్తాయి.

అలాగని నీళ్లు అదే పనిగా తాగినా ప్రమాదమే. 2002 బోస్టన్ మారథాన్‌లో 488 మంది రన్నర్ల రక్తం పరీక్షిస్తే, 13 శాతం మందిలో సోడియం ఉండాల్సిన దానికంటే తక్కువగా ఉన్నట్టు తేలింది. పరుగులో అవసరానికి మించి ద్రవాలు తాగి బరువు పెరిగినవాళ్లలో ఈ సమస్య ఎక్కువగా కనిపించింది. తలనొప్పి, వాంతులు, తికమకగా మాట్లాడటం దీని లక్షణాలు. ముదిరితే ప్రాణం మీదకు వస్తుంది. దాహాన్ని బట్టి కొద్దికొద్దిగా తాగడం, పరుగు గంట దాటితే ఓఆర్‌ఎస్ లాంటివి తీసుకోవడం మేలు. రేసు రోజున కొత్త బూట్లు, కొత్త జెల్, కొత్త టిఫిన్.. ఏ ప్రయోగమూ వద్దు.

బిబ్ మార్చుకుంటున్నారా? జాగ్రత్త!

రేసులో ఛాతీకి పెట్టుకునే నంబర్ కాగితాన్ని బిబ్ అంటారు. రేసు దగ్గర పడేకొద్దీ గ్రూపుల్లో ఒకే రకం మెసేజ్‌లు. ‘కాలు నొప్పి, రాలేకపోతున్నా, నా బిబ్ ఎవరికైనా కావాలా?’ డబ్బులు పోతాయని స్నేహితుడికి ఇచ్చేస్తుంటారు. ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది. కానీ ఆ నంబర్ వెనకే రన్నర్ పేరు, వయసు, బ్లడ్ గ్రూపు, ఇంట్లోవాళ్ల ఫోన్ నంబర్ నమోదై ఉంటాయి. ఆ బిబ్ పెట్టుకున్న మనిషి స్పృహ తప్పితే మెడికల్ టీమ్ చూసేది ఆ వివరాలనే. ఫోన్ వేరే ఇంటికి వెళ్తుంది. బ్లడ్ గ్రూపు వేరే మనిషిది. అందుకే నిర్వాహకులు బిబ్ మార్పిడిని ఒప్పుకోరు. మంచి క్లబ్ అడ్మిన్లు ఆ మెసేజ్ కనిపించగానే డిలీట్ చేసేది కూడా ఇందుకే.

పరిగెత్తలేకపోతే ఇంకో దారి ఉంది. వాలంటీర్‌గా వెళ్లడం. నీళ్ల స్టాల్ దగ్గర గ్లాసులు అందించేవాళ్లు, మలుపుల దగ్గర జెండా పట్టుకుని నిలబడేవాళ్లు లేకుండా ఏ మారథానూ జరగదు. గాయం వల్ల ఆ ఏడాది పరుగు మానేసిన సభ్యులే ఎక్కువగా ఈ పనికి ముందుకొస్తుంటారు. 35వ కిలోమీటరు దగ్గర కాళ్లీడుస్తూ వచ్చే రన్నర్‌ను పేరు పెట్టి పిలిచి, ‘అక్కా, ఈ ఫ్లైఓవర్ ఒక్కటే, ఎక్కేయ్’ అని అరిచేది వాళ్లే.

క్లబ్‌లో చేరే ముందు ఏం చూడాలి?

* అందరికంటే నెమ్మదిగా వచ్చేవాళ్ల వెంట ఎవరైనా ఉంటున్నారా?
* ఫస్ట్ ఎయిడ్ కిట్, సీపీఆర్ తెలిసిన మనుషులు ఉన్నారా?
* సభ్యుల ఎమర్జెన్సీ ఫోన్ నంబర్లు ఒకచోట రాసి పెట్టారా?
* ఫీజు తీసుకుంటే లెక్క చెబుతున్నారా? కోచ్‌కు శిక్షణ ఉందా?
* మహిళలు, పెద్ద వయసు వాళ్లు వరుసగా వస్తున్నారా, లేక ఒకసారి వచ్చి మానేస్తున్నారా?
* నొప్పి అని చెబితే ‘ఓర్చుకో’ అంటున్నారా, ‘ఆగు’ అంటున్నారా?

ఈ ఆరింటిలో మొదటి ప్రశ్న, చివరి ప్రశ్న ముఖ్యం. వాటికి సమాధానం సరిగ్గా ఉంటే మిగతావి మెల్లగా సర్దుకుంటాయి. మీ ఏరియాలో క్లబ్ లేకపోతే నలుగురు కలిసినా చాలు. ఒకే పార్కు, ఒకే టైమ్, వారానికి ఒక్క రోజు. ఎవరు వచ్చారో, ఎవరు వెళ్లారో ఒకరు లెక్క చూసుకుంటే అదే క్లబ్. క్లబ్బుల్లో చాలావరకు ఇలా నలుగురితో మొదలైనవే.

పొద్దున 7 దాటింది. ఎండ ఎక్కుతోంది. నెక్లెస్ రోడ్డులో ఫొటో కోసం అందరూ వరుసలో నిలబడతారు. ఎవరో లెక్కపెడతారు.. ఇంకా ఇద్దరు రావాలి. ఫోన్ తీసినవాళ్లు ఫోన్ దించుతారు. ఐదు నిమిషాలకు దూరంగా ఒక కొత్త మనిషి, పక్కనే స్వీపర్ నడుచుకుంటూ వస్తూ కనిపిస్తారు. చప్పట్లు మోగుతాయి. అప్పుడే ఫొటో, ఆ తర్వాతే ఇడ్లీ!